కింది చిగురు

మా అబ్బాయికి పళ్ళు వస్తున్న రోజుల్లో నేను ఇంట్లో అందరి వేళ్ళూ వాసన చూసేదాన్ని. మా అత్తగారి వేళ్ళు, మా అమ్మ వేళ్ళు, పక్క క్వార్టరులో మేం కాకిమా అని పిలిచే బెంగాలీ పిన్నిగారి వేళ్ళు, చివరికి మా ఆయన వేళ్ళు కూడా. చూస్తున్నట్టు వాళ్ళకు తెలియకూడదు కాబట్టి, చెయ్యి పట్టుకుని గాజులు బావున్నాయనో గోళ్ళు పెరిగాయనో ఏదో ఒకటి అంటూ ముక్కు దగ్గరికి తెచ్చుకునేదాన్ని. మా ఆయన మాత్రం ఒకసారి చెయ్యి వెనక్కి లాక్కుని, "నీకేటైనా అయినాదేటి?" అని అడిగాడు. ఆయన చేతికి వర్క్‌షాపు గ్రీజు వాసన తప్ప ఇంకేమీ లేదు. ఆయన్ని వదిలేశాను.

నాది అనుమానం జాతి. ఇందులో దాచుకోవలసింది ఏమీ లేదు. మా అయ్య ఖరగ్‌పూర్‌లో నిమ్‌పురా యార్డులో వ్యాగన్లు కలిపే పని చేసేవాడు. రెండు వ్యాగన్లు కలిసినట్టు కంటికి కనిపించినా సరే, ఇంజన్ చేత ఒకసారి లాగించి చూడందే ఆయన చెయ్యి ఊపేవాడు కాదు. ఆ అలవాటునే ఇంటికీ తెచ్చుకున్నాడు. తలుపు గడియ పెట్టాక లాగి చూసేవాడు. కుళాయి కట్టేశాక ఇంకోసారి తిప్పి చూసేవాడు. నాకు జ్వరం లేదని నేనే చెప్పినా నుదుటి మీద చెయ్యి వేసేవాడు. నేను ఆయన కూతుర్ని. ఎవరైనా నాతో "ఏమీ లేదు" అన్నారంటే, నేను ఒకసారి లాగి చూడవలసిందే.

అప్పట్లో మేం ట్రాఫిక్ అనే పేట‌లో రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. మా ఆయన, అత్తగారు, నేను, ఏడో నెల నడుస్తున్న మా వాడు. నేను ఖరిదాలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని. పొద్దున్నే పాలిచ్చి, టోటో బ్యాటరీ రిక్షా ఎక్కి వెళ్ళిపోతే మళ్ళీ మధ్యాహ్నం దాటాకే ఇల్లు చేరడం. అంతవరకూ పిల్లాడు మా అత్తగారి దగ్గరే. మా అమ్మ నిమ్‌పురాలో మా తమ్ముడితో ఉండేది. అయ్య సర్వీసులో ఉండగానే గుండెనొప్పితో పోతే, ఆ ఉద్యోగం తమ్ముడికి వచ్చింది. అదే యార్డు, అదే పని. వాడికి ఇంకా పెళ్ళి కాలేదు. మేనల్లుడంటే ప్రాణం. డ్యూటీ దిగి సైకిలు మీద వచ్చి, గ్రీజు చేతులతోనే ఎత్తుకోబోయి, మా అత్తగారి చేత తిట్లు తిని, కుళాయి దగ్గరికి పరిగెత్తేవాడు.

పళ్ళు రావడమంటే ఏమిటో అంతకుముందు నాకు తెలియదు. పిల్లాడు నవ్వుతాడు, ఒకరోజు నోట్లో తెల్లగా ఏదో కనిపిస్తుంది, అందరం చప్పట్లు కొడతాం అనుకున్నాను. నిజానికి ఇంట్లో చిన్న యుద్ధం. చొంగకి రోజుకి ఎన్ని చొక్కాలు మార్చినా గడ్డం కింద ఒరిసిపోయి ఎర్రగా పొక్కేది. పిడికిలి మొత్తం నోట్లో కుక్కుకునేవాడు. చెవి పట్టుకుని లాక్కునేవాడు. పాలు తాగుతూ తాగుతూ ఉన్నట్టుండి వదిలేసి, నేనేదో మోసం చేసినట్టు నా ముఖంలోకి చూసి ఏడుపు అందుకునేవాడు. ఆ చూపు నాకు భరించడం కష్టంగా ఉండేది.

పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన సుళువైన సంగతులే చెప్పాడు. మెత్తటి శుభ్రమైన గుడ్డ చల్లటి నీళ్ళలో తడిపి, పిండి, వేలికి చుట్టుకుని చిగుళ్ళ మీద నెమ్మదిగా అదమాలి. కొరుక్కునే రబ్బరు రింగు ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టి చల్లగా ఇవ్వాలి, గడ్డ కట్టించకూడదు. తిమ్మిరెక్కించే మందులు పుయ్యొద్దు. తేనె వద్దు. గట్టి బిస్కెట్లు వద్దు. అంతే. ఇంటికొచ్చి ఇవన్నీ మా అత్తగారికి ఒప్పజెప్పాను. పాత నూలు చీర చింపి, ఉడకబెట్టి, ఆరేసి, ముక్కలు మడతపెట్టి స్టీలు డబ్బాలో పెట్టాను.

"ఇంకేటీ రాయొద్దు అత్తా. ఈ తడిగుడ్డ తప్ప."

"అలాగేలే అమ్మా," అంది ఆవిడ.

అక్కడే నాకు మొదటి అనుమానం వచ్చింది. మా అత్తగారు దేనికీ ఒక్కమాటలో ఒప్పుకునే మనిషి కాదు. పప్పులో ఉప్పు చాలలేదంటేనే అరగంట వాదించే ఆవిడ, ముగ్గురు పిల్లల్ని పెంచిన ఆవిడ, ఒక డాక్టరు మాటకి "అలాగేలే" అనేసి వత్తులు చేసుకోవడంలో పడిపోతే నేనెలా నమ్మను?

కాకిమా మీద కూడా నాకు నమ్మకం లేదు. ఆవిడ మంచిదే. కానీ మా వాడి చొంగ చూసిన రోజే "దాఁత్ ఉఠ్‌ఛే!" అని, పళ్ళొస్తున్నాయని సంబరపడిపోయి, లోపలికి వెళ్ళి బుల్లి సీసా ఒకటి తెచ్చింది. అందులో ఆవగింజలకన్నా కాస్త పెద్దవి, తెల్లటి హోమియో మాత్రలు. ఖరగ్‌పూర్‌లో ఏ ఇంట్లో అయినా ఇవి ఉంటాయి. దగ్గుకీ అవే, దిగులుకీ అవే. నేను నవ్వి తీసుకుని, పచ్చడి జాడీల వెనక పెట్టి, సీసా మీద పెన్నుతో చిన్న గీత గీశాను. రోజూ స్కూలు నుంచి రాగానే చెప్పులు విప్పేలోపు ఆ గీత చూసుకునేదాన్ని. మాత్రలు గీత దగ్గరే ఉండేవి. అది నాకు ఊరటనివ్వాలి. ఇవ్వలేదు. మాత్రలు కాదంటే ఇంకేదో ఉందన్నమాట.

ఎందుకంటే పిల్లాడిలో ఏదో మారింది. అంతకుముందు తడిగుడ్డ చుట్టిన వేలు చూపిస్తే చాలు, నోరు తెరుచుకుని ఎదురొచ్చేవాడు. చల్లదనం తగలగానే కళ్ళు అరమోడ్చి, వేలు వదిలేవాడు కాదు. అలాంటివాడు వేలు చూడగానే పెదాలు బిగించి తల పక్కకి తిప్పుకోవడం మొదలుపెట్టాడు. బతిమాలి తెరిపిస్తే, పై చిగురు తాకితే ఊరుకునేవాడు, ఇంకా కావాలన్నట్టు పైకి నొక్కుకునేవాడు. కింది చిగురు తాకితే మాత్రం గుక్కపట్టి ఏడ్చేవాడు.

వెలుతురులోకి తీసుకెళ్ళి చూశాను. పై చిగురు ఉబ్బి, లోపల తెల్లటి నీడలా ఏదో ఉంది. కింది చిగురులో ఉబ్బు లేదు, నీడా లేదు. ఊరికే ఎర్రగా, ఒరిసిపోయినట్టుగా ఉంది. పన్ను వచ్చేచోట నొప్పి ఉండాలి గానీ, రానిచోట ఎందుకుంటుంది?

"అత్తా, పై చిగురు ఉబ్బినట్టున్నాది సూసినావా?" అని అడిగాను.

ఆవిడ బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "పైనేటుంటాది? ఎవులికైనా కిందే కదా ముందల ఒస్తాయి," అంది. నేను అడగని ప్రశ్నకి జవాబు చెప్పింది. పైన ముందొస్తాయా కింద ముందొస్తాయా అని నేనడిగానా?

ఆరోజే ఆవిడ వేలు వాసన చూశాను. తేనె లేదు, వస లేదు, వాము లేదు. సబ్బు వాసన. మా అత్తగారు చేతులు కడుక్కునేది బూడిదతోనో ఉత్తినీళ్ళతోనో. సబ్బు ఆవిడకి స్నానం సరుకు. అలాంటి మనిషి చేతికి సరిగ్గా నేను వచ్చే వేళకి సబ్బు వాసన ఎందుకు? ఏ వాసనా లేకుండా కడిగేసుకోవలసిన అవసరం ఏమొచ్చింది? ఏదో ఒకటి దొరికినా ఇంత భయం వేసేది కాదు. పిల్లాణ్ణి మత్తుగా పడుకోబెట్టేది ఏదో పెడుతున్నారని నాకు నేనే ఖాయం చేసుకున్నాను. మరి వాడు మధ్యాహ్నాలు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టు నిద్రపోయేవాడు. నేను వచ్చేసరికి కనురెప్పల మీద కన్నీటి చారలు ఆరి ఉండేవి.

అంతకన్నా వింత ఇంకొకటి. మా అమ్మా మా అత్తగారూ స్నేహితులయ్యారు.

దీని గొప్పతనం తెలియాలంటే మా పెళ్ళి గురించి చెప్పాలి. మా పెళ్ళిలో మగపెళ్ళివారి చివరి బంతికి చేపల కూర చాలలేదు. మా అమ్మ లెక్క ప్రకారం కూర చాలింది, వాళ్ళ వైపు వాళ్ళే రెండుసార్లు కూర్చున్నారు. మా అత్తగారి లెక్క ప్రకారం ఆవిడ అన్నగారు పులుసుతో తిని లేచారు. ఆనాటి నుంచి ఇద్దరూ ఒకే గదిలో కూర్చున్నా నా ద్వారానే మాట్లాడుకునేవాళ్ళు. "మీ అత్తని టీ తాగమను." "మీ అమ్మని ఇంకాసేపు కూకోమను." నేను మధ్యలో స్టేషన్ మైకులా అన్నీ మళ్ళీ చెప్పేదాన్ని.

అలాంటివాళ్ళు ఇప్పుడు వంటింట్లో గుసగుసలాడుకుంటున్నారు. నేను అడుగుపెట్టగానే మాట ఆగిపోతుంది. అమ్మ ఇదివరకు ఆదివారాలు వచ్చేది, ఇప్పుడు నేను స్కూలుకి వెళ్ళిన రోజుల్లో వస్తోందని కాకిమా మాటల్లో తెలిసింది. నాకు చెప్పకుండా వచ్చి, నేను రాకముందే వెళ్ళిపోతోంది. అడిగితే "మీ అత్తకి నడుం నొప్పంట, సాయానికొచ్చినాను," అంది. మా అత్తగారి నడుముకి మా అమ్మ సాయం! చేపల కూర ఏమైనట్టు?

ఇక తమ్ముడి సంగతి. ఒక ఆదివారం నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. పిల్లాడు నా చంకలోనే ఉండి నా భుజం కొరుకుతున్నాడు. వీధి వైపు సైకిలు బెల్లు వినిపించింది. మా తమ్ముడే. నేను వచ్చేలోపు గుమ్మం దగ్గర మా అత్తగారి గొంతు వినబడింది.

"నిద్దరోతన్నాడు బావూ. లేపితే మళ్ళీ ఏడస్తాడు. రేపెప్పుడైనా రా."

నా చంకలో వాడు కళ్ళు చక్రాల్లా తిప్పుతూ నన్ను చూస్తున్నాడు. నేను వీధిలోకి వచ్చేసరికి తమ్ముడు మలుపు తిరిగిపోయాడు. ఇదేమిటని అడిగితే మా అత్తగారు, "నువ్వు లోపల ఎత్తుకున్నావని తెల్దే, నిద్దరోతన్నాడనుకున్నాను," అంది. వాణ్ణి నా చంకలో పెట్టిందే ఆవిడ.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. "అప్పా, మీ అత్తకి నామీద కోపమేటి? ఎప్పుడొచ్చినా గుంటడు నిద్దరంటాది. ఎత్తుకుని సాన్నాళ్ళయిపోనాది."

"నువ్వేటైనా సూసినావేట్రా? వాడికేటైనా పెడతన్నట్టు?"

"ఏటి పెడతారు? ఏటి సూడాల?"

వాడి గొంతులో నిజమైన అయోమయం ఉంది. కానీ నా లెక్క నేను వేసుకున్నాను. వీళ్ళు పిల్లాడికి ఏదో చేస్తున్నారు, అది తమ్ముడి కంట పడకూడదనుకుంటున్నారు. నా దగ్గర దాచడం అర్థమవుతుంది, వాడి కంట కూడా పడకూడదట. ఎందుకు? ఎంత ఆలోచించినా అక్కడ నా బండి ఆగిపోయేది.

ఒకరోజు వాన దంచికొట్టి, స్కూలు గదుల్లోకి నీళ్ళు వచ్చేశాయి. పిల్లల్ని పొద్దున్నే ఇళ్ళకు పంపేశారు. నేను ఇంటికి ఫోన్ చెయ్యలేదు. కావాలనే చెయ్యలేదు. టోటోని మలుపు దగ్గరే ఆపి దిగి, మోకాళ్ళదాకా చీర ఎత్తిపట్టుకుని, నా ఇంటికి నేనే దొంగలా పెరటి వైపు నుంచి వచ్చాను. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల పిల్లాడి ఏడుపు. ఆకలి ఏడుపు కాదు, నిద్ర ఏడుపు కాదు. ఏది ఏ ఏడుపో తల్లికి తెలియకపోదు కదా.

చాప మీద మా అమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది. కాళ్ళ మీద పిల్లాడు. మా అత్తగారు పక్కన కూర్చుని వాడి రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడా ఏడుస్తోంది. మా అమ్మ ఎడమ చేత్తో వాడి గడ్డం పట్టి, కుడిచేత్తో వెండి మురుగు అంచుతో వాడి కింది చిగురుని రుద్దుతోంది. అది మా తమ్ముడి చిన్నప్పటి మురుగు. మా అత్తగారు దాన్ని కడిగిన సబ్బునీళ్ళ గిన్నె పక్కనే ఉంది. వాడి చేతికి తొడిగిన ఫోటో మా ఇంట్లో ఉంది.

నేనేం అరిచానో నాకు గుర్తులేదు. కాకిమా గొడుగు లేకుండా పరిగెత్తుకొచ్చిందంటే గట్టిగానే అరిచి ఉంటాను. పిల్లాణ్ణి లాక్కుని గుండెకి అదుముకున్నాను. వాడు నా చీర నోట్లో కుక్కుకుని వెక్కుతున్నాడు. చీర మీద చొంగతో పాటు సన్నటి ఎర్రటి చార.

"నాను సెప్పినాను సెయ్యమని," అంది మా అత్తగారు వెంటనే. "మీ అమ్మనేటీ అనకు. అంతా నానే."

నేను అమ్మ వైపు చూశాను. అబద్ధం చెప్పాలనుకున్న మనిషి అయితే తల ఊపేది. అమ్మ ఊపలేదు. మురుగు ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తోంది. కాకిమాని ఏమీ లేదని పంపేసి, పిల్లాడి నోరు తెరిచి చూశాను. పై చిగురు మీద, బియ్యపు గింజ అంచులా, పన్ను మొన బయటికి వచ్చి ఉంది. ఎప్పుడు వచ్చిందో. నొప్పంతా అక్కడుంటే, రాపిడంతా కింద. పై చిగురు మీద తడిగుడ్డ కూడా సరిగ్గా పడ్డట్టు లేదు, పాల పొర అలాగే ఉంది. పాపం వాడు వేలు పైకి నొక్కుకుంటున్నది అందుకే.

"ఏటమ్మా ఇది?" అన్నాను.

"పై పల్లు ముందల ఒస్తే మేనమాయకి గండమంటారే."

మాకెవరికీ అలా రాలేదు కాబట్టి ఆ మాట మా ఇంట్లో ఎప్పుడూ వినే అవసరం పడలేదు. "ఎవులంటారు?" అన్నాను.

"ఎవులంటే ఏటి సెప్పను? అంటారు. ఉబ్బు పైన కనబడినాది. కిందది ముందల ఒచ్చీలాగ సేద్దామనుకున్నాను. ఆడి మురుగుతో రుద్దితే ఆడికి కాపన్నారు."

"అంత భయమైతే శాంతి ఏదో సేయించొచ్చు కదా. గుంటడి నోరెందుకు గీరడం?"

"శాంతంటే ఆడొచ్చి కూకోవాల. కూకోమంటే ఎందుకంటాడు. ఏటని సెప్పను?" అమ్మ అప్పుడు నా వైపు తిరిగింది. "ఆడు రెండు బండీల మద్దెన నిలబడి పనిసేస్తాడు. ఈ మాట బుర్రలో పడిపోతే, ఆ మద్దెన నిలబడినప్పుడు గుర్తు రాదేటి? గుర్తొస్తే కాలు తడబడదేటి? గండం పల్లులో ఉన్నాదో నేదో నాకు తెల్దు. ఆ గుర్తులో మాత్రం ఉంటాది."

ఇంతసేపూ నేను పెద్ద పెద్ద మాటలు పోగుచేసుకుని నిలబడ్డాను. మూఢనమ్మకమనీ, చదువుకున్న ఇల్లనీ, డాక్టరు చెప్పాడనీ. పిల్లాణ్ణి ఇంకో భుజానికి మార్చుకున్నాను. యార్డులో పనిచేసేవాడి బుర్రలో ఏం ఉండకూడదో మా అమ్మకి తెలిసినట్టు నాకు తెలియదు. ఆవిడ ఇద్దర్ని అక్కడికి పంపింది.

"మీ అయ్య పోయినాక ఆ ఉద్దోగానికి సంతకం ఎట్టింది నాను," అంది అమ్మ. "నీ కొడుక్కోసం నువ్వు నామీద అరిసినావు. అరిసినా తప్పునేదు. నాకూ కొడుకున్నాడు."

బయట వాన పడుతూనే ఉంది. దూరంగా యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగిలిన చప్పుడు, ఆ చివరి నుంచి ఈ చివరికి ఢాం ఢాం అంటూ పాకింది. పుట్టినప్పటి నుంచీ విన్న చప్పుడు, ఎప్పుడూ పట్టించుకున్నది లేదు. ఆరోజు అమ్మ ఉలిక్కిపడటం చూశాను.

నాకు కోపం పోలేదు. ఆ ఎర్రటి చార గుర్తొస్తే ఇప్పటికీ పూర్తిగా పోదు. మురుగు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాను. సాయంత్రం వాన తగ్గాక పిల్లాణ్ణి డాక్టరుకి చూపించాను. అమ్మ రానంటే వినకుండా వెంట తీసుకెళ్ళాను. టోటోలో దారి పొడుగునా ఆవిడ వాడి పాదం ఒకటి పట్టుకుని కూర్చుంది. పైపైన ఒరిసిపోయిందనీ, కంగారు లేదనీ, కిందిది ఎవరూ ముట్టకుండా వదిలెయ్యమనీ, చల్లటి గుడ్డతో పై చిగురు అదమమనీ డాక్టరు చెప్పాడు. కొందరు పిల్లలకి పై పళ్ళే ముందొస్తాయనీ, అది మామూలేననీ అన్నాడు. అమ్మ వచ్చీరాని బెంగాలీలో, ఆ పన్ను మళ్ళీ లోపలికి వెళ్ళే అవకాశం ఏమైనా ఉందా అని అడిగింది. ఆయన నవ్వాడు. అమ్మ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

ఇక దొంగలు ముగ్గురయ్యారు. నిన్నటిదాకా అందరి వేళ్ళూ వాసన చూసిన నేను, ఇప్పుడు తమ్ముడి ఫోన్ మోగితే ఏం చెప్పాలా అని తడుముకునేదాన్ని. మూఢనమ్మకాన్ని నమ్మలేదు. కానీ ఆ "గుర్తు" అన్న మాట నాలోకి దిగిపోయింది.

ఎన్నాళ్ళని ఆపుతాం? ఒక మధ్యాహ్నం వాడు డ్యూటీకి వెళ్తూ వచ్చేశాడు. నారింజ రంగు జాకెట్టు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ కూడా ఆరోజు మా ఇంట్లోనే ఉంది. తలుపు తీసింది నేను. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "నిద్దరోతన్నాడ్రా."

నా వెనక మా వాడు మామ గొంతు విని కేరింత కొట్టాడు.

"నువ్వు కూడానా అప్పా?" అన్నాడు తమ్ముడు. నన్ను తప్పించుకుని లోపలికి వచ్చాడు. నేరుగా ఎత్తుకుంటాడేమో అనుకున్నాను. ఎత్తుకోలేదు. కుళాయి దగ్గరికి వెళ్ళి, ఎవరూ చెప్పకుండానే సబ్బుతో మోచేతులదాకా చేతులు కడుక్కున్నాడు. స్టీలు డబ్బాలోంచి గుడ్డ ముక్క తీసి, ఫ్రిజ్‌లో చల్లటి నీళ్ళు గిన్నెలో పోసుకుని, తడిపి, పిండి, వేలికి చుట్టుకున్నాడు. అప్పుడు పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని వేలు వాడి నోటి దగ్గర పెట్టాడు. మా వాడు పెదాలు బిగించలేదు.

వేలు నేరుగా పై చిగురు మీదికి వెళ్ళింది. కింద వెతకలేదు. అటూ ఇటూ తడమలేదు. ఆ పన్ను మొలిచిన చోటే, దాని పక్కనే, నెమ్మదిగా అదుముతూ ఉన్నాడు. మా వాడు వేలిని బలంకొద్దీ కొరికాడు.

"కొరకరా. గట్టిగా కొరుకు. నీ మేనమాయనే కదా," అన్నాడు.

అమ్మ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. మా అత్తగారు టీ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయింది. తమ్ముడు మా ఎవరి ముఖంలోకీ చూడలేదు. యార్డులో నీళ్ళు నిలిచిన సంగతి, కొత్తగా వచ్చిన బిహారీ కుర్రాడి వంట సంగతి, ఏవేవో చెబుతూ పోయాడు. టీలో పంచదార తక్కువైందన్నాడు. చొంగ వాడి జాకెట్టు మీదికి కారుతోంది. కాసేపటికి మా వాడి దవడ వదులైంది, కళ్ళు బరువెక్కాయి, వేలు నోట్లో ఉండగానే నిద్రపోయాడు. చాలా రోజుల తర్వాత వాడు ఏడవకుండా నిద్రపోయిన మధ్యాహ్నం అది. నాకు ఏడుపొచ్చింది, లోపలికి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత తమ్ముడు డ్యూటీకి వెళ్ళే ముందు రోజూ వచ్చేవాడు. చేతులు కడుక్కోవడం, గుడ్డ తడపడం, పై చిగురు. కొన్నాళ్ళకి పైన రెండో పన్ను వచ్చింది. ఆ తర్వాత కింద కూడా వచ్చాయి, ఎవరూ రుద్దకుండానే, వాటి వేళకి అవే. అమ్మ వాటిని వేలితో తడిమి చూసుకుని, మా అత్తగారి వైపు తిరిగి, "ఒదినా, ఈసారి సేపల కూర నాను ఒండుతాను, సాలినంత," అంది. నన్ను మధ్యలో పెట్టుకోకుండా నేరుగా అంది.

తమ్ముడికి ఆ గండం మాట తెలుసా? ఎవరు చెప్పారు? యార్డులో మా వైపు వాళ్ళే సగం మంది, పిల్లల పళ్ళ గురించి మాట్లాడుకోకుండా ఉంటారా? లేక అమ్మ ముఖం చూసే పసిగట్టాడా? లేక నిజంగా ఏమీ తెలియక, పిల్లాడికి ఎక్కడ నొప్పో అక్కడ వేలు పెట్టాడా? అడుగుదామని ఎన్నిసార్లో నోటిదాకా తెచ్చుకున్నాను. ఒకవేళ తెలియకపోతే, నా ప్రశ్నతోనే ఆ గుర్తు వాడి బుర్రలో పడుతుంది. అన్నీ లాగి చూసే నేను ఇదొక్కటీ లాగి చూడలేదు.

ఇప్పుడు మా వాడికి నోటినిండా పళ్ళు. చెరుకు ముక్క ఇస్తే పీచు కూడా వదలడు. మా తమ్ముడు ఇంకా ఆ యార్డులోనే, ఆ పనిలోనే ఉన్నాడు. డ్యూటీ దిగగానే నాకు ఫోన్ చేస్తాడు. "అప్పా, దిగినాను. గుంటడేటి సేస్తన్నాడు?" అంతే, పెట్టేస్తాడు. వెంటనే అమ్మ ఫోన్ మోగుతుందని నాకు తెలుసు. అదే మాట అక్కడా చెబుతాడు. ఆ మధ్యాహ్నం వేలు కొరికించుకుని వెళ్ళిన రోజు నుంచి ఇది ఒక్కరోజు కూడా తప్పలేదు.

డ్యూటీ దిగాక ఫోన్ చెయ్యమని వాడికి మేమెవరమూ ఎప్పుడూ చెప్పలేదు.